గోడా, గండీ

పడవ ఇసుకను తట్టుకుని ఆగిపోయింది. పళవేర్కాడు రేవు వదిలి అప్పటికి అరగంట దాటింది. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. తూర్పున సన్నటి గీతలా సరుగుడు తోపులు, పడమట ఎండ ఆవిరిలో వణుకుతున్న తాటిచెట్ల తలలు. ఇన్ని నీళ్ళ నడుమ పడవకు నేల తగలడమేమిటని అనుకునేలోపే పడవాయన మోటారు పైకెత్తి, లుంగీ మడిచి కట్టి, నీళ్ళలోకి దిగాడు. మోకాలు మునగలేదు.

"దిగండన్నా, ఈడ భయం లేదు. బరువు తగ్గితే అదే కదులుతాది" అన్నాడు. మాట నెల్లూరుది, సాగదీసే తీరు తమిళానిది. నేనూ దిగాను. అడుగున మెత్తటి బురద, బురద కింద చిప్పల గరుకు. కంటికి సముద్రంలా కనిపించింది కాలికి వరిమడిలా తగిలింది.

పటాల్లో పులికాట్ అని ఉండే ఈ సరస్సును తమిళులు పళవేర్కాడు అంటారు. దాని చుట్టూ బతికే తెలుగువాళ్ళకు అది ప్రళయకావేరి. ఆ పేరుతోనే, అక్కడి నుడిలోనే స.వెం. రమేశ్ కథలు రాశారు. తూర్పు తీరంలో చిలికా తరవాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. నిండుగా ఉన్నప్పుడు 450 చదరపు కిలోమీటర్ల మేర నీళ్ళు పరుచుకుంటాయి. సగటు లోతు మాత్రం ఒక్క మీటరు. ఎక్కువ భాగం ఆంధ్రలో, తడ, సూళ్ళూరుపేటల వైపు ఉంది. దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాలోకి వస్తుంది. ఆ చిన్న కొస దగ్గరే సరస్సు సముద్రంలోకి తెరుచుకునే ముఖ్యమైన మొగ ఉంది.

ఆ పొద్దున నేను తిరుత్తణిలో బయలుదేరాను. తిరుత్తణి అనగానే మనకు సుబ్రహ్మణ్యస్వామి కొండ గుర్తొస్తుంది, 1888లో అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గుర్తొస్తారు. సముద్రం గుర్తుకు రాదు. అయినా కొండ కింది నంది ఏరు కుశస్థలి నదిలో కలిసి, పూండి జలాశయం దాటి, ఎన్నూరు దగ్గర ఉప్పునీళ్ళలో పడుతుంది. ఎన్నూరు కయ్యనూ పళవేర్కాడునూ బకింగ్‌హాం కాలువ కలుపుతోంది. ఉత్తరాన పిచ్చాటూరు వైపు నుంచి వచ్చే ఆరణి నది సురుటుపల్లి, ఊత్తుకోట, పొన్నేరి మీదుగా నేరుగా ఈ సరస్సులోనే దిగుతుంది. 1960 ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దు తగవుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వచ్చాయి. సరిహద్దు గీసినవాళ్ళు ఏ ఊళ్ళో ఎవరు ఏ భాష మాట్లాడతారో లెక్క చూశారు. నీళ్ళు మాత్రం ఆంధ్రలో పుట్టి తమిళనాడులో పారి, మళ్ళీ రెండు రాష్ట్రాల ఉమ్మడి సరస్సులో చేరుతున్నాయి.

లగూన్ అనే మాట ఇటలీది. వెనిస్ నగరం చుట్టూ ఉన్న లోతులేని ఉప్పునీళ్ళను వాళ్ళు లగూనా అన్నారు. సముద్రంలో కొంత భాగాన్ని ఏదో ఒక గోడ అడ్డుకుని వేరుచేస్తే, ఆ గోడలో ఎక్కడో ఒక గండి మిగిలితే, అది లగూన్. ఆ గోడ దేనితో కట్టినదన్నది తరవాతి మాట. పళవేర్కాడు గోడ ఇసుక. లక్షద్వీప్‌లోనూ మాల్దీవుల్లోనూ ఆ గోడ పగడం. ఉంగరంలా గుండ్రంగా లేచిన పగడపు గోడనూ దాని నడుమ నీళ్ళనూ కలిపి అటాల్ అంటారు. ఆ మాట మాల్దీవుల భాష నుంచే ప్రపంచానికి వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం లక్షద్వీప్‌లోని అగత్తి లగూన్‌లో దిగినప్పుడు, నడుము లోతు నీళ్ళలో నా నీడ అడుగున తెల్లటి ఇసుక మీద గీసినట్టు కనిపించింది. పళవేర్కాడులో మోకాటి లోతులో నా పాదాలే నాకు కనిపించలేదు. రెండు లగూన్ల తేడా అంతా ఆ ఒక్క చూపులో ఉంది.

పగడం గట్టిపడిన చెట్టులా కనిపించినా అది జంతువే. వేలాది చిన్న చిన్న జీవులు పక్కపక్కనే అతుక్కుని, నీటిలోని కాల్షియాన్ని తీసుకుని సున్నపుగూడు కట్టుకుంటాయి. ఆ పనికి కావలసిన బలం వాటి సొంతం కాదు. ఒక్కో జీవి ఒంట్లో కంటికి కనిపించని శైవలాలు కాపురముండి, ఎండను పట్టి చక్కెర చేసి, తమ ఇంటి యజమానికి పంచుతాయి. ఎండ అందకపోతే శైవలం లేదు, శైవలం లేకపోతే గోడ లేదు. అందుకని పగడానికి తేటనీరు కావాలి, ఉప్పు నిలకడగా ఉండాలి, వెచ్చదనం ఏడాది పొడుగునా హెచ్చుతగ్గుల్లేకుండా ఉండాలి. గోదావరి, కృష్ణ, పెన్న లాంటి నదులు వానాకాలంలో ఒండ్రునూ మంచినీటినీ కుమ్మరించే మన తీరంలో ఇవేవీ దొరకవు. మన వైపు నుంచి దక్షిణానికి పోతూ పగడపు దిబ్బలు చూడాలంటే పాక్ జలసంధి, మన్నారు సింధుశాఖ దాకా పోవాలి. అటాల్ చూడాలంటే మన దేశంలో లక్షద్వీప్ ఒక్కటే.

నడిసముద్రంలో ఉంగరం ఆకారంలో గోడ ఎలా లేచింది? ఈ ప్రశ్నకు జవాబు చార్లెస్ డార్విన్ ఊహించాడు. విచిత్రమేమంటే, అసలైన పగడపు దిబ్బను కంటితో చూడకముందే, దక్షిణ అమెరికా పడమటి తీరంలో ఉండగానే ఆయనకు ఆ ఆలోచన తట్టింది. 1836 ఏప్రిల్‌లో ఆయన ప్రయాణిస్తున్న బీగిల్ ఓడ హిందూ మహాసముద్రంలోని కోకోస్ అటాల్ దగ్గర ఆగినప్పుడు దాన్ని సరిచూసుకున్నాడు, 1842లో పుస్తకం వేశాడు. ఆయన చెప్పింది ఇదీ: సముద్రంలో ఒక అగ్నిపర్వతం లేస్తుంది. దాని అంచు చుట్టూ లోతులేని నీళ్ళలో పగడం పెరుగుతుంది. కాలం గడిచేకొద్దీ పర్వతం తన బరువుకు తానే మెల్లగా కుంగుతుంది. పగడం మాత్రం వెలుగు కోసం పైపైకి కట్టుకుంటూ పోతుంది. చివరికి కొండ మునిగిపోయి దాని చుట్టూ కట్టిన దడి ఒక్కటే నీటి పైన మిగులుతుంది. ఇది నిజమైతే అటాల్ కింద ఎంతో మందాన సున్నపురాయి, దాని అడుగున నల్లరాయి ఉండాలి. 1890ల చివర ఫునాఫుటి అటాల్‌లో 340 మీటర్ల దాకా తవ్వినా అడుగు దొరకలేదు. 1952లో ఎనివెటాక్ అటాల్‌లో ఒక బోరు సుమారు 1,400 మీటర్ల సున్నపురాయిని దాటి చివరికి బసాల్ట్‌ను తాకింది. డార్విన్ పోయి అప్పటికి 70 ఏళ్ళు.

ఈ కథ మనకు దూరపుది కాదు. వికారాబాద్ వైపు నల్లరేగడి నేలల కింద ఉన్న బసాల్ట్ రాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కను పీఠభూమి మీద పొంగిన లావా. ఆ లావాను పంపిన వేడి ఊట భూమి లోపల ఉన్నచోటే ఉండగా, దాని మీదుగా భారత ఫలకం ఉత్తరానికి జరిగిపోయింది. పోతూ పోతూ సముద్రం అడుగున కొండల వరస ఒకటి వదిలింది. మాల్దీవులు, చాగోస్ అటాల్‌లు ఆ వరస మీదే కూర్చున్నాయి. ఆ ఊట ఇప్పుడు రీయూనియన్ దీవి కింద ఉంది. తెలంగాణలో పత్తి పండే నల్లమట్టీ మాల్దీవుల తెల్ల ఇసుక కింది పునాదీ ఒకే పొయ్యి మీద ఉడికినవన్నమాట.

పళవేర్కాడు గోడ వయసు దీని ముందు నిన్న మొన్నటిది. 20,000 ఏళ్ళ క్రితం భూమి మీద ఇప్పటికంటే చాలా ఎక్కువ నీరు మంచుగా గడ్డకట్టి ఉన్నప్పుడు సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు కిందికి ఉండేది. తీరం ఇంకా తూర్పున ఉండేది. మంచు కరిగి నీళ్ళు పైకొచ్చాయి. ఆ వేగం 7,000 ఏళ్ళ క్రితం నాటికి తగ్గింది. అప్పుడు నదులు తెచ్చిన ఇసుకను అలలు తీరం వెంట పేర్చడం మొదలుపెట్టాయి. ఒక వరస, దాని ముందు మరో వరస. అలా పేరిన ఇసుక గోడలో పెద్ద ముక్క పేరు శ్రీహరికోట. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్టు లేచింది. రాకెట్లు నిలబడే నేల, అలలు తెచ్చి వేసిన ఇసుక ఒకటే. నా కాళ్ళ కింది చిప్పల పొర కూడా ఆ కాలం గుర్తే. ఆలిచిప్పలు తరతరాలు పుట్టి చచ్చి పేరుకున్న ఆ గుల్లను తవ్వి జనం సున్నం కాల్చుకున్నారు.

పగడపు గోడ దగ్గర కూడా ఇసుక ఉంది. అయితే అది నది తెచ్చింది కాదు, చేప చేసింది. చిలుక ముక్కులాంటి నోరున్న చేపలు పగడాన్ని కొరికి, మీది పాచిని తిని, సున్నాన్ని పిండిగా విసర్జిస్తాయి. మాల్దీవుల్లోని వక్కారు దీవి దగ్గర లెక్కకట్టి చూస్తే అక్కడ కొత్తగా తయారయ్యే ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపలదేనని తేలింది. మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే తెల్లటి తీరం అదే.

గోడ సంగతి ఇంత చెప్పినా, నాకు అసలు ముఖ్యమనిపించేది గండి. మన పడవాయన దాన్ని మొగ అన్నాడు. "మొగ తెరిచుంటే రొయ్య వస్తాది, రొయ్య పోతాది. మూసుకుంటే వచ్చేది లేదు, పోయేది లేదు." ఆ ఒక్క మాటలో తెల్లరొయ్య జీవితమంతా ఉంది. తల్లి రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. గుడ్డు ఒక రోజులోపే పగులుతుంది. పిల్ల రూపాలు మార్చుకుంటూ రెండు వారాల్లో వెంట్రుక మందాన రొయ్యపిల్ల అవుతుంది. దానికి ఈదే బలం ఉండదు. అందుకని పోటు వచ్చినప్పుడు నీటి పైకి తేలి లోపలికి కొట్టుకొస్తుంది, పాటు తీసినప్పుడు అడుగుకు దిగి బురదను అంటిపెట్టుకుంటుంది. అలా పోటు పోటుకూ కొంత కొంత జరిగి సరస్సు చేరుతుంది. తిండి దండిగా ఉండే ఆ లోతులేని నీళ్ళలో మూడు నాలుగు నెలలు పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ అదే గండిలోంచి సముద్రానికి పోతుంది. తమిళంలో మడవై అనే చేపదీ, మన మండపీతదీ దాదాపు ఇలాంటి రాకపోకలే.

ఉప్పు లెక్క కూడా గండి చేతిలోనే ఉంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మొగ మూసుకుపోయిందనీ, వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతోందనీ అనుకుందాం. నెలకు 18 సెంటీమీటర్లు. లోతైన చెరువుకు అదొక లెక్క కాదు. మీటరు లోతు సరస్సుకు అది ఇంచుమించు అయిదో వంతు. ఉప్పు ఎక్కడికీ పోదు కనుక 35 గ్రాములు నెల తిరిగేసరికి 43 అవుతాయి. మరో నెల గడిస్తే యాభై దాటుతుంది. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వచ్చి ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నీళ్ళు దిగగానే కొన్నిచోట్ల అది తాగునీటి దరిదాపుకు వస్తుంది. ఒకే ఏడాదిలో ఇంత తేడాను తట్టుకునే జీవులే ఇక్కడ బతుకుతాయి. పగడం ఇక్కడ ఎందుకు పుట్టదో ఈ లెక్క చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మొగ ఎందుకు మూసుకుంటుంది? నైరుతి గాలులప్పుడు అలలు ఇసుకను ఉత్తరానికి నడుపుతాయి, ఈశాన్య గాలులప్పుడు దక్షిణానికి. మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ, ఏటా లక్షల ఘనపు మీటర్లు. ఆ నడకకు ఎక్కడ అడ్డుకట్ట వేసినా దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. 19వ శతాబ్దం చివర మద్రాసు రేవుకు గోడలు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కడలి ఊళ్ళ మీదికి వచ్చింది. పాఠం అంత కళ్ళెదుట ఉండగానే అదే తీరంలో ఇంకా ఉత్తరాన, ఎన్నూరు, కాట్టుపళ్ళిల దగ్గర కొత్త రేవులు వచ్చాయి. ఇక ఈ నడిచే ఇసుక మొగకు అడ్డం పడకుండా ఆపేది ఆటుపోట్ల వేగం ఒక్కటే. వంద చదరపు కిలోమీటర్ల నీళ్ళు పోటుకు 30 సెంటీమీటర్లు లేచాయంటే 3 కోట్ల ఘనపు మీటర్లు ఆ సన్నటి దారిలో పోవాలి, రావాలి. ఆ ఒరవడి ఇసుకను కడిగేస్తుంది. సరస్సు పూడితే ఆ నీటి పరిమాణం తగ్గుతుంది. పరిమాణం తగ్గితే ఒరవడి చల్లబడుతుంది. ఒరవడి చల్లబడితే మొగ మూసుకుంటుంది. మొగ మూసుకుంటే సరస్సు ఇంకా పూడుతుంది. ఈ చక్రంలో ఒకసారి పడిన లగూన్ తనంతట తాను బయటపడడం కష్టం. ఉత్తరాన, ఆంధ్ర వైపు రాయదొరువు, కొండూరుపాళెం మొగలు ఇసుకతో పూడి ఉన్నాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు అడ్డంగా వేసిన రోడ్డు నీటి కదలికను ఇంకా తగ్గించింది. ఫ్లెమింగోలను చూడడానికి మనం ఆ రోడ్డు మీదే ఆగుతాం. అక్కడ వేసవిలో కనిపించే పగుళ్ళిచ్చిన తెల్లటి ఉప్పునేల కూడా సరస్సులో భాగమేనని ఎవరూ చెప్పరు. పిల్లలకు అది చూపించి చెప్పాలి.

రాయదొరువు అనే పేరులో దొరువు ఉంది. నెల్లూరు సీమ ఇసుకనేలల్లో తవ్వుకునే నీటిగుంత దొరువు. రెండు వైపులా ఉప్పునీళ్ళున్న ఇసుక గట్టు మీద తియ్యటి నీళ్ళు ఎలా ఊరతాయి? సముద్రపు నీటికంటే వాన నీరు నూటికి రెండున్నర పాళ్ళు తేలిక. ఇసుకలో ఇంకిన వాన ఉప్పునీటి మీద తేలుతూ, దాన్ని కిందికి తోస్తుంది. సముద్రమట్టానికి ఒక సెంటీమీటరు పైకి మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 సెంటీమీటర్ల మందాన మంచినీరే ఉంటుంది. లక్షద్వీప్ దీవుల్లో బావులు నిండేదీ ఈ సూత్రం వల్లే. నాలుగు చేతుల లోతు తవ్వి ఆపినవాళ్ళకు తియ్యటి నీళ్ళు దక్కుతాయి. బోరు వేసి, మోటారు పెట్టి గబగబా తోడితే కిందున్న ఉప్పు పైకి లేస్తుంది. ఒకసారి లేచిన ఉప్పు దిగాలంటే ఎన్నో వానలు కావాలి. దొరువు తవ్విన పాతకాలపు మనిషికి సూత్రం తెలియదు, ఎక్కడ ఆపాలో తెలుసు.

సరస్సులో ఎవరు ఎక్కడ వల వేయాలన్నదానికీ అలాంటి కట్టుబాటు ఒకటుంది. దాన్ని పాడు అంటారు. మొగకు దగ్గర్లో రొయ్యలు దండిగా పడే చోట్లను పట్టపు జాలరుల ఊళ్ళు వంతులు వేసుకుని, చీటీలు తీసి పంచుకుంటాయి. ఈరోజు మంచి చోటు పడినవాడికి రేపు మామూలు చోటు. అందరికీ తిండి దొరకాలి, ఎవరూ చేపను మొదలంటా ఊడ్చకూడదు అన్నదే దాని లోపలి లెక్క. అయితే ఆ వంతుల్లో చోటు లేనివాళ్ళూ ఉన్నారు, ఇది దాచకూడదు. గిరిజనులైన ఇరుళ ఆడవాళ్ళకు పడవ లేదు, వల లేదు. ఇటువైపు యానాదుల సంగతీ ఇంచుమించు అంతే. శ్రీహరికోట అడవి యానాదులకు తరతరాల ఇల్లు, రాకెట్ల కేంద్రం వచ్చాక వాళ్ళు ఆ అడవి వదలాల్సి వచ్చింది. ఇరుళ ఆడవాళ్ళు నీళ్ళలో కూర్చుని, చేతులతో బురదను తడుముతూ ఒక్కో రొయ్యనూ పడతారు. తాటాకు బుట్టను పళ్ళ మధ్య కరిచిపట్టుకుని దాన్లో వేసుకుంటారు. చేతికి తగిలింది రొయ్యో, పీతో, పగిలిన గుల్లో చూడకుండా చెప్పాలి. ఆ విద్య ఏ బడిలోనూ దొరకదు, సరస్సు అడుగును వాళ్ళంత దగ్గరగా ఎరిగినవాళ్ళు మరొకరు లేరు.

అగత్తి తేటనీళ్ళలో నేను చూసిన గోడ కూడా క్షేమంగా లేదు. సముద్రం మామూలుకంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం తన లోపలి శైవలాలను బయటికి నెట్టేస్తుంది. రంగంతా పోయి ఎముకలా తెల్లబడుతుంది. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్ తెల్లబడింది. 2024లో మళ్ళీ. అగత్తి, కడమత్, కవరత్తిల దగ్గర 1998 నుంచి 24 ఏళ్ళు లెక్కపెడితే బతికున్న పగడం 37 శాతం నుంచి 19 శాతానికి పడిపోయింది. లక్షద్వీప్‌లో నేలంతా కలిపి 32 చదరపు కిలోమీటర్లు, లగూన్ నీళ్ళు సుమారు 4,200. ఆ కాస్త నేలా నిలబడింది గోడ బతికి ఉన్నంతకాలం అలల దెబ్బ కాచుకుంటుందనే నమ్మకం మీద. చచ్చిన గోడ కొంతకాలం నిలబడుతుంది, పెరగదు. సముద్రం పెరుగుతోంది.

పడవ ఇసుక వదిలాక మేము మొగ వైపు సాగాము. దారిలో పడమటి ఒడ్డున 1613లో డచ్చివాళ్ళు కట్టిన గెల్డ్రియా కోట చోటును పడవాయన చేత్తో చూపించాడు. చూడడానికి గుట్టలూ పొదలే. కోరమండల్ తీరమంతటికీ వాళ్ళ రాజధాని 1690 దాకా అదే. పెద్ద ఓడలు బయటే ఆగితే, ఇక్కడి రంగుబట్టల మూటలు చిన్న పడవల మీద గండి దాటి పోయేవి.

మొగ దగ్గర పాటు ఇంకా తీస్తోంది. లోపలి నీళ్ళు గోధుమరంగులో సముద్రంలోకి పోతుంటే, బయటి నీలం వాటిని అంచున అడ్డుకుని నురగ కడుతోంది. ఎడమ పక్కన ఇసుక నాలుక ఒకటి దారిలోకి చొచ్చుకువచ్చింది. పడవాయన దాన్ని చాలాసేపు చూశాడు. "పోయిన నెల్లో ఈడి దాకా లేదు" అన్నాడు. ఒకప్పుడు మొగ మూసుకుపోతే ఊరంతా కలిసి చేత్తో తవ్వి తెరిచేవాళ్ళమని, తన తండ్రితో పాటు తానూ గంపలు మోశానని చెప్పాడు. లంగరు వేసి కూర్చున్నాం. గంట గడిచింది. నీటి మీద తేలుతున్న సరుగుడు ఆకు ఒకటి మా పడవ పక్కన ఆగింది, కాసేపు అక్కడక్కడే తిరిగింది, తరవాత మెల్లగా లోపలి వైపు కదిలింది. "పోటు పెట్టిందన్నా" అంటూ ఆయన లంగరు తీశాడు. ఆ నీళ్ళతో పాటు మేమూ సరస్సులోకి వచ్చాము. అంతకుముందు ఇరుక్కున్న చోటు దాటుతుంటే ఈసారి పడవ అడుగుకు ఏమీ తగల్లేదు.